ఇనుము నిలిచింది, బంతి నిలవలేదు

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ. ఒకటి శ్రీకాకుళం జిల్లా పల్లె, మరొకటి విజయనగరం జిల్లా పల్లె. ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమే. కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషికి 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో వెండి పతకం దక్కింది. ఈ రెండు ఊళ్ళ పేర్లు చెప్తే బరువులెత్తే పిల్లలే గుర్తొస్తారు. బంతి ఆటకు ఇలా పేరుపడ్డ పల్లె మాత్రం ఈ రెండు జిల్లాల్లో వెతికినా దొరకదు. హైస్కూలు మైదానాలున్నాయి, సాయంత్రం అయ్యేసరికి బంతి తన్నే గుంటలున్నారు, డ్రిల్లు మాస్టార్లూ ఉన్నారు. అయినా ఎనిమిదేళ్ళ పిల్లల నుంచి పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ దాకా వారం వారం ఆడించి, తరం తర్వాత తరాన్ని తయారు చేసే ఫుట్‌బాల్ ఆనవాయితీ ఇక్కడ పాతుకోలేదు. ఇనుము పాతుకున్న నేలలో బంతి ఎందుకు పాతుకోలేదు? దీనికి జవాబు మన ఒంట్లో లేదనీ, పిల్లలకు ఆట నేర్పే పనిని ఈ ప్రాంతం ఎవరి మీద వదిలేసిందన్న చరిత్రలో ఉందనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అందరికీ అలవాటైన జవాబు వేరే ఉంది. ఉత్తరాంధ్ర మనుషులు కష్టజీవులు, మూటలు మోసిన భుజాలు, అంబలి తాగి పెరిగిన ఒళ్ళు, కాబట్టి బరువులు వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య అంటారు. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ ఇది నిలవదు. అదే అంబలి, అదే మోత, అదే పొలం పని కొండవెలగాడ చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ ఉన్నాయి. పోలాకి నుంచి పాచిపెంట దాకా ఉన్నాయి. రక్తమే కారణమైతే ప్రతి ఊరూ ఊసవానిపేట కావాలి. కాలేదు. పేరొచ్చిన ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఆ ఊళ్ళలో కనిపించే ప్రత్యేకత ఒక్కటే: బరువులున్న ఒక పాకా, అందులో సాయంత్రాలు గడిపే ఒక నేర్పరీ. కష్టజీవుల ఒళ్ళు అనే మాటలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అది నేర్పిన మనిషి శ్రమను మాయం చేస్తుంది. పిల్లల గెలుపును వాళ్ళ తాతల పేదరికం ఖాతాలో రాసేస్తుంది. గురజాడ 1910లో రాసిన దేశభక్తి గేయంలో తిండికీ ఒంటి సత్తువకూ ముడిపెట్టిన మాట అందరికీ తెలుసు. తిండి లేమి బలాన్నిస్తుందని ఆయన అనలేదు, ఎవరూ అనకూడదు.

ఈ ప్రాంతంలో ఒళ్ళు వంచి నేర్చుకునే విద్యకు ఉన్న మాటలనే ఒకసారి చూడండి. సాము అన్నది సంస్కృతంలోని శ్రమకు తద్భవం. గరిడీ అంటే ఆ సాము చేసే చోటు, ఆ విద్య కూడా. తాలింఖానా, వస్తాదు, కుస్తీ, కసరత్తు అన్న మాటలు ఫారసీ, ఉర్దూ దారిన వచ్చాయి. శ్రీకాకుళం గోల్కొండ నవాబుల కాలంలో ఫౌజ్‌దారు ఉన్న పట్నం. తరవాత నిజాం చేతిలో చికాకోల్ సర్కారుకు ముఖ్యపట్నం. ఆ సిపాయిల వెంట మాటా వచ్చింది, పట్టూ వచ్చింది. పాత సాము, కొత్త తాలీము కలిసిపోయాయి. ఆ రోజుల్లో ఈ విద్యకు గిరాకీ ఉండేది. 1757 జనవరిలో బొబ్బిలి కోట దగ్గర జరిగింది ఇలాంటి పాయకుల యుద్ధమే. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో పడిపోవడంతో ఆ కథ ముగిసింది. అంతకు ముందే కంపెనీ విజయనగరం సేనను రద్దు చేయమని పట్టుబట్టింది. 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం వచ్చాక సంస్థానాలకు సైన్యంతో పని లేకపోయింది. కత్తి పట్టడం నేర్పేవాడికి జీతమిచ్చే దిక్కు పోయింది. విద్య మాత్రం పోలేదు. కోట దిగి వీధిలోకి, జాతరలోకి వచ్చింది. ఇప్పటికీ దసరా తరవాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను కదిలే వేళ పులివేషాలతో, తప్పెటగుళ్ళతో పాటు కర్రసాము, కత్తిసాము చేసే జట్లు కనిపిస్తాయి. యుద్ధం పోయి రెండు వందల ఏళ్ళు దాటినా ఆ అడుగులు మిగిలాయంటే, నడుమ ఎవరో ఒకరు ప్రతి తరంలోనూ పిల్లల్ని నిలబెట్టి నేర్పుతూ వచ్చారన్నమాట.

ఆ ఎవరో ఒకరే వస్తాదు. ఈ వ్యవస్థ బలమూ బలహీనతా రెండూ అతనిలోనే ఉన్నాయి. తాలింఖానాకు కావలసింది తక్కువ. తవ్వి మెత్తన చేసిన ఎర్రమట్టి, మీద తాటాకు కప్పు, గోడకు ఆంజనేయుడి పటం, మూలన లోడీలు, ఒక సంగిడి రాయి. దండీలు, బస్కీలు తీయడానికి ఒళ్ళు తప్ప ఏమీ అక్కర్లేదు. వచ్చిన కుర్రాణ్ణి ఎంపిక చేయడం ఉండదు. సన్నగా ఉన్నవాడు సన్నగా ఉన్నందుకే వస్తాడు. వస్తాదు బతుకు వేరే పని మీద, నేర్పడం సాయంత్రం మీద. శిష్యులు పండక్కి ఇచ్చింది పుచ్చుకుంటాడు గానీ నెలకింతని అడగడు. సంక్రాంతికి ఊరి నడుమ సంగిడీలు ఎత్తే పోటీ పెడితే అతని కష్టం నలుగురికీ తెలుస్తుంది, అంతే. ఇవాళ మనం పిల్లల వినోద క్రీడ అంటున్నది ఇదే. పతకం కోసం కాదు, ఊళ్ళో పెరిగే పిల్లవాడి ఒంటికి కాస్త పొగరూ కాస్త అదుపూ రావడం కోసం. అయితే దీన్ని బంగారు కాలంగా చూపించడం అబద్ధమవుతుంది. ఆడపిల్ల ఆ మట్టిలో అడుగు పెట్టలేదు. ఊరి గోడలు ఎక్కడ లేచాయో తాలింఖానా గోడలూ అక్కడే లేచాయి. ఏ వీధి తాలింఖానా ఆ వీధిదే. అందరికీ తెరిచిన తలుపు అనలేం. తమ వీధిలో పుట్టిన మగపిల్లల్ని మాత్రం వడపోయకుండా లోపలికి రానిచ్చింది అనగలం. ఆ చిన్న మంచిని దాని హద్దుతో సహా చూస్తేనే తరవాత ఏం పోయిందో తెలుస్తుంది.

విజయనగరం సంస్థానం విద్యలకు పెట్టింది పేరు. 1857లో బడి పెట్టింది, 1879లో దాన్ని కళాశాల చేసింది. 1919లో సంగీత కళాశాల తెరిచి ఆదిభట్ల నారాయణదాసును దాని అధిపతిని చేసింది, ద్వారం వెంకటస్వామినాయుడికి అక్కడ వయొలిన్ నేర్పే పని ఇచ్చింది. ఒక విద్యకు గది, గంట, జీతం, పాఠ్యక్రమం, పరీక్ష వస్తే ఏం జరుగుతుందో ఆ కళాశాలే చూపించింది. దాసుగారు పోయినా కళాశాల పోలేదు, గురువు తరవాత గురువు వచ్చాడు. సాముకు ఆ భాగ్యం పట్టలేదు. దాన్ని ఎవరూ విద్య అనుకోలేదు, వేడుక అనుకున్నారు. సంగీత కళాశాల తెరిచిన మహారాజు రెండో కొడుకు, విజ్జీ అని ప్రపంచానికి తెలిసిన విజయానంద గజపతిరాజు, కాశీలో ఉండి క్రికెట్‌కు ధారాళంగా ఖర్చు పెట్టాడు. 1930–31లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి ఇంగ్లండ్ మేటి ఆటగాళ్ళను రప్పించి తన జట్టుతో దేశమంతా, సిలోను దాకా తిప్పాడు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకు నాయకుడయ్యాడు. ఆ నాయకత్వం మంచిచెడ్డల మీద చాలామంది రాశారు, ఇక్కడ దాని ఊసు అక్కర్లేదు. ఇక్కడి లెక్కకు కావలసింది ఒక్కటే. ఆటను పోషించడమంటే ఆరితేరిన ఆటగాణ్ణి పిలిపించి అందరికీ చూపించడం అన్న భావన అప్పుడే స్థిరపడింది. సంగీతంలో తండ్రి నేర్చుకునేవాడి కోసం ఇల్లు కట్టాడు, ఆటలో కొడుకు నేర్చేసినవాడి కోసం పందిరి వేశాడు.

ఇంగ్లీషు బడితో పాటు డ్రిల్లు వచ్చింది. వరసగా నిలబెట్టి, ఈల ఊది, చేతులు చాపించి, కూర్చోబెట్టి లేపే పద్ధతి. వస్తాదు పక్కన డ్రిల్లు మాస్టారు నిలిచాడు. ఈ ఇద్దరూ ఒకే మనిషిలో కలిసిన ఒక అరుదైన సందర్భం ఉంది, అది కోడి రామ్మూర్తి నాయుడు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న వీరఘట్టంలో పుట్టి, చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని, విజయనగరంలో బంధువుల ఇంట ఉంటూ కుస్తీ నేర్చుకున్నారు. మద్రాసు దగ్గరి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి విజయనగరం హైస్కూలులో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. గోదా విద్య తెలిసినవాడు బడి పద్ధతిలో తర్ఫీదై పిల్లల ముందు నిలబడ్డాడు. ఆ ఉద్యోగం అలాగే సాగి ఉంటే, ఆయన చేతి కింద తయారైనవాళ్ళు ఊరూరి బడులకు వెళ్ళి ఉంటే, ఈ ప్రాంతపు ఆటల చరిత్ర ఇంకోలా ఉండేదని నా నమ్మకం. కానీ ఆయన సర్కస్ పెట్టారు. గొలుసులు తెంచడం, గుండె మీద ఏనుగును ఎక్కించుకోవడం చూడడానికి జనం డబ్బిచ్చారు, లండన్‌లో రాజు మెచ్చుకున్నాడు, కలియుగ భీముడన్న పేరొచ్చింది. 1942లో ఆయన కన్నుమూశారు. శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియం ఉంది, విశాఖ బీచి రోడ్డులో విగ్రహం ఉంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. పిల్లలకు నేర్పే పనికి సమాజం ఎంత విలువ కట్టిందో, బలం చూపించే పనికి ఎంత కట్టిందో ఆయన జీవితమే చెబుతోంది. రాజుగారి పందిరీ, రామ్మూర్తిగారి గుడారం ఒక విషయంలో ఒకటే. పిల్లవాడు రెండింటి ముందూ నేల మీద కూర్చుని చూశాడు.

ఇక ఇనుము సంగతి. తాలింఖానా మట్టిలోకి వెయిట్‌లిఫ్టింగ్ సులువుగా ఇమిడిపోవడానికి కారణం ఆ ఆట నిర్మాణంలోనే ఉంది. పోటీల బార్ మగవాళ్ళకు 20 కిలోలు, ఆడవాళ్ళకు 15. ఎర్ర బిళ్ళ 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. కొత్తగా వచ్చిన పిల్ల చేతికి మొదట వీటిలో ఏదీ ఇవ్వరు. ఒక కర్ర ఇస్తారు. ఆ ఒట్టి కర్రతోనే వారాల తరబడి పని. పాదాలు ఎంత ఎడంగా పెట్టాలి, వెన్ను వంగకుండా ఎలా కూర్చోవాలి, బొటనవేలిని మిగతా వేళ్ళ కింద ఎలా నొక్కి పట్టాలి, కర్ర ఒంటికి ఎంత దగ్గరగా పైకి రావాలి, అది తల మీదికి వెళ్ళే క్షణంలో తాను దాని కిందికి ఎలా జారాలి. ముందు బలం కాదు, అడుగు. కర్రసాము నేర్పే వస్తాదు కూడా మొదట అడుగే నేర్పుతాడు. ఆ తరవాత బార్, ఆ తరవాత అటూ ఇటూ చిన్న బిళ్ళలు. నిన్న 40 లేస్తే ఇవాళ 42. ఇక్కడ ప్రత్యర్థి ఎవరు? కిలో. నెల్లిమర్లలో కిలో ఎంతో సిడ్నీలో కూడా అంతే. ప్రపంచంతో పోల్చుకోవడానికి కొండవెలగాడ పిల్ల రైలెక్కక్కర్లేదు, పక్క ఊరి జట్టు వస్తుందో రాదో అని ఎదురుచూడక్కర్లేదు. ఒక పాక, ఒక సెట్టు బరువులు, ఒక గురువు చాలు. మన దగ్గర ఉన్న వ్యవస్థ అంతా ఆ ఒక్క గురువే కాబట్టి, ఆ ఒక్క గురువుతో నడిచే ఆటే నిలిచింది.

ఊసవానిపేట సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. శ్రీకాకుళం పట్నానికి రైలు లేదు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న స్టేషను ఆమదాలవలసలో ఉంది. మల్లీశ్వరి తండ్రి రైల్వే రక్షణ దళంలో పనిచేసేవారు, కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవారు. ఫుట్‌బాల్ ఆడిన తండ్రి ఇంట్లో అక్కచెల్లెళ్ళు బరువుల పాకలోకి వెళ్ళారు. ఆ ఊళ్ళో నేర్పడానికి నీలంశెట్టి అప్పన్న ఉన్నారు, బరువులున్నాయి. అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పే మనిషి, వాళ్ళు ఆడడానికి ఎదురు జట్టు ఆ తీరాన లేవు. మొదట్లో సన్నగా ఉందని మల్లీశ్వరిని బరువులకు పనికిరాదనుకున్నారన్న మాట పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. తల్లి పట్టుదలతో ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. పాత తాలింఖానా మూసి ఉంచిన తలుపు ఇక్కడ తెరుచుకుంది. దానికి కాలం కూడా కలిసి వచ్చింది. ఆడవాళ్ళకు మొదటి ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు జరిగిందే 1987లో, ఒలింపిక్స్‌లో చోటు దొరికిందే 2000లో. ఇది మగవాళ్ళ సొంతం అనడానికి ఇంకా ఎవరికీ వ్యవధి చిక్కని ఆట అది. 1994లో, 1995లో మల్లీశ్వరి ప్రపంచ విజేత అయ్యాక పల్లెల్లో ఆడపిల్లలను బరువులకు పంపడానికి జంకిన తల్లిదండ్రులకు చూపించడానికి ఒక పేరు దొరికింది.

ఇప్పుడు బంతి. పదకొండు మందికి పదకొండు మంది కావాలి. చిన్నపిల్లలకు నలుగురేసి చాలనుకున్నా ఎదురు జట్టు తప్పదు. ఎదురు జట్టు ఉండాలంటే రెండో ఊరు కావాలి, రెండో గురువు కావాలి, ఫలానా రోజు ఫలానా చోట అని ముందే రాసుకున్న కాగితం కావాలి, ఈల ఊదే మూడో మనిషి కావాలి, మళ్ళీ వారం మళ్ళీ రావాలి. వస్తాదు విద్యలో ఇవేవీ లేవు. మన దగ్గర పోటీ అంటే సంక్రాంతికో జాతరకో ఏడాదికొకసారి జరిగేది. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ టోర్నమెంట్లు ఇవాళ్టికీ ఆ కొలతలోనే ఉన్నాయి. పండక్కి ఇంటికొచ్చిన యువకులు చందాలు వేసుకుని, కోత కోసిన చేలో గీతలు గీసి, నాలుగు రోజులు ఆడి, కప్పు పుచ్చుకుని మళ్ళీ బస్సెక్కుతారు. అందులో పిల్లలకు దొరికేది గట్టు మీద చోటు. ఆ బస్సెక్కడమే ఈ కథలో అన్నిటికంటే పెద్ద కారణం. ఈ రెండు జిల్లాల చరిత్ర వలస చరిత్ర. ఒకప్పుడు రంగూను, తరవాత ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలు, విశాఖ, హైదరాబాదు, చెన్నై. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి గుజరాత్‌లోని వెరావల్ పడవల దాకా. జట్టులో ఐదుగురు వలసపోతే మిగిలిన ఆరుగురు జట్టు కారు. బరువుల పాకలో ఐదుగురు పోతే మిగిలినవాళ్ళ సాధన ఆ సాయంత్రం కూడా ఆగదు. ఊరు ఖాళీ అవుతున్నా నిలబడగలిగిన ఆట ఒంటరి ఆటే.

ఆట నేర్పే మనిషితో పాటు క్యాలెండరు కూడా ఉంటే ఏమవుతుందో చూడడానికి యూరప్ దాకా పోనక్కర్లేదు, హైదరాబాదు చాలు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పాఠాలు చెప్పినవాడు. 1943 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇవన్నీ తెలిసినవే. అంతగా చెప్పుకోనిది ఆయన పిల్లల కోసం చేసిన ఏర్పాటు. వయసు కాగితాలు నమ్మకం లేని రోజుల్లో ఎత్తు కొలిచి, ఇంతకు మించిన పొడవున్నవాడు ఆడకూడదని టోర్నమెంట్లు పెట్టాడు. బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకుని ఒక్కడే ఉరకడం కుదరదన్న నియమంతో కొన్ని, అలవాటు లేని కాలితోనే తన్నాలన్న నియమంతో కొన్ని. దీని వెనక ఆలోచన చూడండి. కుడికాలితోనే తన్నే కుర్రవాడికి ఎడమకాలు వాడమని వందసార్లు చెప్పేకంటే, ఎడమకాలు తప్ప ఇంకోటి చెల్లని ఆట పెట్టేస్తే వాడే నేర్చుకుంటాడు. గురువు చేయవలసిన పనిని పోటీ నియమమే చేస్తుంది. ఒక్క మనిషి ఒక వీధి పిల్లలకు నేర్పగలడు. ఒక నియమం ఊరంతటికీ నేర్పగలదు. రహీం గొప్ప వస్తాదే, కానీ సంఘం కార్యదర్శి కుర్చీలో కూర్చున్న వస్తాదు. ఉత్తరాంధ్రలో ఆ రెండో భాగం ఎవరికీ రాలేదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. హైదరాబాదుకు క్యాలెండరుంది కదా, మరి ఏమైంది? 1956–57లో, ఆ మరుసటి ఏడు హైదరాబాదు, 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచాక ఆ వెలుగు తగ్గిపోయింది. సంస్థ మీదే ఆట నిలుస్తుందంటే సంస్థ ఉన్నచోట ఎందుకు కూలింది? నిజమే, ఈ ప్రశ్నను పక్కన పెట్టలేం. అయితే రహీం పోయాక కూలిందంటే ఆ క్యాలెండరు కూడా చాలావరకు ఆయన ఒంటిమీదే నడిచిందని అర్థం. అక్కడా చివరికి మనిషే మిగిలాడు. సంగీత కళాశాలకు దొరికినట్టు గురువు తరవాత గురువు రావడానికి తగిన జీతం, గది, పాఠం పిల్లల ఫుట్‌బాల్‌కు అక్కడ కూడా దొరకలేదు. కాబట్టి హైదరాబాదు పతనం నా వాదనకు అడ్డం రాదు, దాన్ని ఇంకొంచెం కఠినం చేస్తుంది. క్యాలెండరు ఉంటే సరిపోదు, దాన్ని రాసే చేయి మారినా ఆగకుండా ఉండాలి.

ఫుట్‌బాల్ మనది కాదు కదా, పోతే పోయిందనేవాళ్ళూ ఉన్నారు. లండన్‌లో 1863లో నియమాలు రాసుకున్న ఆట అది, సరే. మరి 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు చేరిన బార్‌బెల్ ఎవరిది? చెడుగుడు మనదే, దానికీ పిల్లల వారాంతపు పోటీలు లేవు. ఆట ఎక్కడ పుట్టిందన్నది దాని బతుకును నిర్ణయించలేదు. ఇంకొకరు, బరువుల ఊళ్ళను నడిపిస్తున్నది సరదా కాదు, పోలీసు, రైల్వే, సైన్యం ఉద్యోగాలు అంటారు. ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఎకరం పొలం లేని ఇంటి పిల్లకు పతకం ద్వారా వచ్చే ప్రభుత్వోద్యోగం మూడు తరాల దారి మార్చేస్తుంది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఉద్యోగమే గమ్యమైనప్పుడు వడపోత మొదలవుతుంది. పన్నెండేళ్ళకే ఈ పిల్ల పనికొస్తుంది, ఈ పిల్ల రాదు అని తేల్చడం మొదలవుతుంది. సన్నగా ఉన్నవాడు సన్నగా ఉన్నందుకే వచ్చే చోటు మాయమవుతుంది. మల్లీశ్వరి విషయంలో ఆ తేల్చడమే తప్పయిందని కూడా గుర్తు చేసుకోవాలి. తల్లి ఊరుకుని ఉంటే ఆ 240 కిలోలు లేవు.

ప్రభుత్వం ఇందులో ఎక్కడుంది? 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. వ్యాయామం నేర్పేవారి మాట మాత్రం 6 నుంచి 8 తరగతులకే, అదీ నూరుమందికి పైగా పిల్లలున్న చోటికి, పార్ట్‌టైం పద్ధతిలో రాసింది. 1 నుంచి 5 తరగతుల పిల్లల దగ్గరికి ఆ మనిషి రాడు. ఏ వయసులో అడుగు నేర్పితే ఒంటికి అంటుకుంటుందో ఆ వయసు చట్టంలో ఖాళీగా ఉంది. 2023 డిసెంబరులో రాష్ట్రమంతటా మొదలైన ఆడుదాం ఆంధ్రా పోటీల్లో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఉన్నాయి, ఫుట్‌బాల్ లేదు. ఆడేవారికి 15 ఏళ్ళు నిండాలన్నారు. ఊరూరా మైదానాలు కదిలిన మాట నిజం, అది మంచిదే. కానీ గట్టు మీద కూర్చున్న పిల్లలు గట్టు మీదే ఉన్నారు. పద్మనాభం యుద్ధం తరవాత జీతం పోయిన వస్తాదు నుంచి నేటి దాకా, ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆట నేర్పే పని ఎవరో ఒకరి సాయంత్రాల మీద, వాళ్ళ దయ మీద నడుస్తూనే ఉంది. ఆ దయ ఉన్న ఊరు కొండవెలగాడ అయింది, లేని ఊరు మామూలు ఊరుగా మిగిలింది.

బంతి విషయంలో దయ ఒక్కటే చాలదని పైన చెప్పాను. నాలుగు ఊళ్ళ పెద్దలో, నాలుగు బడుల ప్రధానోపాధ్యాయులో కూర్చుని ఒక కాగితం రాసుకోవాలి. దీనికి కావలసిన కాలం మన సేద్యంలోనే ఉంది. సంక్రాంతికి ముందే వరి కోతలు అయిపోతాయి. మళ్ళీ దుక్కి పడేది తొలకరికి. కోసిన మళ్ళలో చాలావాటిలో మినుములు, పెసలు చల్లుతారు, వాటి జోలికి పోకూడదు. చల్లకుండా వదిలిన మళ్ళూ, నూర్పులు అయిపోయిన కళ్ళాలూ ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. నలుగురేసి పిల్లల జట్లకు అందులో సగం చోటు చాలు. ఎత్తు కొలవడానికి బడి గుమ్మం మీద సుద్దగీత చాలు. సంక్రాంతి వెళ్ళాక ఉగాది వచ్చేలోగా ఏ ఏడైనా తొమ్మిది, పది ఆదివారాలకు తక్కువ ఉండవు.